బస్సులో సగం సీటు, ఇంట్లో లేని తలుపు

బడి బస్సులో సీట్ల మీద పేర్లు రాసి ఉండవు గానీ ఏ సీటు ఎవరిదో ఎక్కే ప్రతి పిల్లకూ పిల్లాడికీ తెలుసు. అలా అందరూ తమ తమ చోట్లు పంచేసుకున్న ఒక బస్సులోకి, బడులు తెరిచిన కొత్తలో, ఒక కొత్త అమ్మాయి ఎక్కుతుంది. బొద్దుగా ఉంటుంది. ఎర్రటి ఉంగరాల జుట్టు, ఒంటి మీద మగవాళ్ళ చొక్కా, మెడకూ మణికట్టుకూ చుట్టుకున్న ఏవేవో గుడ్డలు. చూపు మరల్చుకోవాలన్నా కుదరని వేషం. ఒక్కరూ పక్కకు జరగరు, వెనక వరసల్లో నవ్వులు మొదలవుతాయి. చివరికి ఒక కుర్రాడు బూతుమాట ఒకటి విసిరి, కూర్చోమని ఆమెను కసురుకుని, తాను కిటికీ వైపు ఒదిగిపోతాడు. ఆ కసురులో దయ లేదు. ఈ అమ్మాయి మూలంగా అందరి కళ్ళూ ఎక్కడ తన మీద పడతాయోనన్న భయం మాత్రమే ఉంది. రెయిన్‌బో రోవెల్ రాసిన ‘ఎలనార్ అండ్ పార్క్’ నవలలో నాయికా నాయకుల తొలి పరిచయం ఇదే. తొలిచూపుతో మొదలయ్యే ప్రేమకథలు బోలెడన్ని చదివాను గానీ, చీదరింపుతో మొదలై దాన్ని దాచిపెట్టని ప్రేమకథ చదవడం నాకు బాగా నచ్చింది.

రోవెల్‌ది అమెరికా నడిబొడ్డున ఉన్న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరం. నవలలు రాయకముందు ఆమె ఆ ఊరి దినపత్రికలోనే చాలాకాలం కాలమ్ రాశారు. ఈ నవల 2012లో బ్రిటన్‌లోనూ, 2013లో అమెరికాలోనూ వెలువడింది. కథ కూడా ఒమాహాలోనే, 1986 ఆగస్టులో మొదలై ఒక విద్యా సంవత్సరం పొడుగునా నడుస్తుంది. 2013లో పిల్లల సాహిత్యానికి ఇచ్చే బోస్టన్ గ్లోబ్–హార్న్ బుక్ పురస్కారం, 2014లో టీనేజీ పుస్తకాలకు ఇచ్చే ప్రింట్జ్ గౌరవం దీనికి దక్కాయి. పుస్తకాల దుకాణాల్లో దీన్ని టీనేజీ ప్రేమకథల అరలో పెడతారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇద్దరు పిల్లల బొమ్మతో ముచ్చటగా ఉండే అట్టను చూసి కొనుక్కున్నవారికి లోపల ప్రేమ దొరకక పోదు. అయితే చదివి పక్కన పెట్టిన తరువాత నా మనసులో మిగిలింది మాత్రం చోటు లేని ఒక అమ్మాయి కథ. బస్సులో చోటు లేదు, బడిలో చోటు లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఇంట్లో చోటు లేదు. ఆ అమ్మాయికి ప్రేమ అనేది మొదట సగం సీటు రూపంలో దొరుకుతుంది. నవల బలమంతా ఆ సగం సీటును సగం సీటుగానే చూడడంలో ఉందని నా అభిప్రాయం.

ఈ నవల గురించి రాసేవారందరూ ‘ఇద్దరు ఒంటరి పిల్లలు’ అని ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి వాళ్ళిద్దరి ఒంటరితనం ఒకటి కాదు. పార్క్ తండ్రి ఐరిష్ మూలాలున్న అమెరికన్, తల్లి కొరియా దేశస్థురాలు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మాత్రమే కనిపించే ఆ పేటలో అతని ముఖం ఎవరి ముఖంలోనూ కలవదు. అయినా తండ్రి పుట్టి పెరిగిన పేట అది, తాతా నాయనమ్మల ఇల్లు పక్కనే, బస్సులో వెనక కూర్చుని కూతలు కూసే స్టీవ్, టీనా చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళే. కాబట్టి అతన్ని ఆటపట్టించినా ఒక హద్దు దాటరు. తల దించుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరి కంటా పడకుండా బతకడం అతనికి సాధ్యమే, అలా బతుకుతున్నాడు కూడా. ఎలనార్‌కు కంటపడకుండా ఉండే వీలే లేదు. ఆమె ఒళ్ళు, జుట్టు, బట్టలు మూడూ ఆమె కంటే ముందు గదిలోకి వస్తాయి. పైగా ఆ చిరుగుల మీద వేసిన మాసికలను, పిన్నీసులను, మగ చొక్కాలను చూసి అదంతా కోరి తెచ్చిపెట్టుకున్న విచిత్ర వేషమని బడి మొత్తం అనుకుంటుంది. వేసుకోవడానికి వేరే ఏమీ లేదన్న సంగతి పార్క్‌కు కూడా చాలా ఆలస్యంగా గాని తెలియదు. లేమిని ఫ్యాషన్ కింద చలామణీ చేయవలసి రావడం ఎంత అవమానమో రోవెల్ ఒక్క వాక్యంలోనూ చెప్పరు. ఆ పిన్నీసులను మాత్రం పదే పదే చూపిస్తారు.

పక్క పక్కన కూర్చున్నా వాళ్ళిద్దరూ చాలా రోజులు మాట్లాడుకోరు. పార్క్ బస్సులో కామిక్ పుస్తకాలు చదువుతాడు. పక్కనున్న పిల్ల తల తిప్పకుండా, కళ్ళు మాత్రం వాల్చి, తన ఒళ్ళోని బొమ్మలను చదువుతోందని ఒకనాడు గమనిస్తాడు. గమనించిన సంగతి బయటపెట్టడు. పుస్తకాన్ని కాస్త ఎక్కువగా తెరిచి పట్టుకుంటాడు, పేజీ తిప్పేముందు ఆమె చదవడం పూర్తయ్యేదాకా ఆగుతాడు. మరికొన్నాళ్ళకు ఒక కట్ట కామిక్స్ తెచ్చి మాట్లాడకుండా ఆమెకు అందిస్తాడు. ఆమె వాటిని ఇంటికి తీసుకువెళ్ళి, ఒక్క మూల కూడా నలగకుండా చదివి, మర్నాడు పొద్దున తిరిగి ఇస్తుంది. పేజీ తిప్పకుండా ఆగడం అనే ఇంత చిన్న మర్యాద మీద ఒక ప్రేమకథను నిలబెట్టడానికి ధైర్యం కావాలి. అప్పటిదాకా తన కోసం ఎవరూ దేనికీ ఆగి ఎరుగని అమ్మాయి ఆమె అని మనకు అప్పటికే తెలుసు కాబట్టి ఆ ఆగడానికి అంత విలువ వస్తుంది.

కాలం విషయంలో కూడా రచయిత్రి చాలా పట్టింపుతో ఉన్నారు. వాళ్ళు చదివే కామిక్స్‌లో ‘వాచ్‌మెన్’ ఒకటి. ఇప్పుడు అది లావుపాటి ఒకే సంపుటంగా దొరుకుతుంది గానీ, 1986లో పన్నెండు సంచికల వరసగా అప్పుడప్పుడే వెలువడడం మొదలైంది. కాబట్టి వాళ్ళిద్దరూ తరువాతి సంచిక కోసం నిజంగానే ఎదురుచూడవలసినవాళ్ళు. అందులో ఏం జరగబోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. వారపత్రికలో సీరియల్ కోసం శుక్రవారం దాకా ఆగడం తెలిసిన తరం వారికి ఈ సుఖం వివరించనక్కరలేదు. బాలల పత్రికలు దాటిన మా ఈడు పిల్లలం ఆ సీరియళ్ళలోకే దూకేవాళ్ళం. పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ళ లోపు వారి కోసమే రాసిన నవల అనేది మాకు తెలుగులో ఇంచుమించు దొరకలేదు.

కామిక్స్ తరువాత పాటలు వస్తాయి. ఎలనార్ తన పుస్తకం అట్ట మీద ఒక పాట పేరు రాసుకుంటుంది. పార్క్ ఆ పాట గురించి కదిపితే, తాను దాన్ని ఇంతవరకు విననేలేదని తేలుతుంది. వినాలని ఉండి రాసుకుంది, అంతే. అతను ఆ బృందం పాటలను టేపులోకి ఎక్కించి తెస్తాడు. ఆమె దాన్ని తీసుకోవడానికి ఇష్టపడదు. కారణం అభిమానం కాదు, అహంకారం అసలే కాదు. ఆమె దగ్గర టేపు రికార్డరు లేదు. ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి రావడానికి పట్టిన సమయం, దాన్ని విని ఆ కుర్రాడు తెల్లబోవడం నవలలో నాకు చాలా ఇష్టమైన ఘట్టాలు. కొందరి ఇళ్ళలో పాట వినే సాధనం కూడా ఉండదన్న ఊహే అతనికి అంతవరకు రాలేదు. ఆ తరువాత అతను వాక్‌మన్ ఇస్తాడు, దానితోపాటు బ్యాటరీలు ఇస్తాడు. ఈ కథలో బ్యాటరీలు గులాబీ పువ్వుల కంటే ఖరీదైన కానుక.

ఆ పేజీలు చదువుతుంటే మా చిన్న ఊళ్ళోని క్యాసెట్ల దుకాణం గుర్తుకు రాక మానదు. పాటల చీటీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో కొనిచ్చి వస్తే వారం తరువాత ఎక్కించి ఇచ్చేవారు. ఏ పాట తరువాత ఏది రావాలో, రెండో వైపు దేనితో మొదలవ్వాలో చీటీ రాసేటప్పుడే తేల్చుకోవాలి. బ్యాటరీ వృథా కాకూడదని పెన్సిలు దూర్చి రీలును చేత్తో వెనక్కి తిప్పుకున్న వేళ్ళు ఇప్పుడు నలభైలూ యాభైలూ దాటినవాళ్ళలో చాలామందికి ఉంటాయి. ఎంపిక చేసి ఒకరికి పాటలు ఇవ్వడం ఆ రోజుల్లో శ్రమతోనూ డబ్బుతోనూ కూడిన పని కాబట్టే అది ప్రేమను మోయగలిగింది.

ఇక చేతులు కలిసే ఘట్టం. ఎలనార్ మణికట్టుకు చుట్టుకున్న పట్టుగుడ్డ కొసను పార్క్ వేలికి చుట్టుకుంటూ పోతాడు. గుడ్డ కురచవుతున్న కొద్దీ ఆమె చెయ్యి దగ్గరవుతుంది. ఆ తరువాత ఆ పట్టుతో సహా తన వేళ్ళను ఆమె అరచేతిలోకి జారుస్తాడు. జరిగింది అంతే, అదీ బస్సులో, చుట్టూ పిల్లలు అరుస్తుండగా. నవల మొత్తం ఒకసారి ఎలనార్ వైపు నుంచి, మరొకసారి పార్క్ వైపు నుంచి, పేర్లే శీర్షికలుగా చిన్న చిన్న ముక్కల్లో నడుస్తుంది. ఈ పద్ధతి కొన్నిచోట్ల గారడీలా అనిపించినా, ఇక్కడ మాత్రం దాని అవసరం రుజువవుతుంది. అతనికి అది సంతోషం. ఆమెకు అది సంతోషమే గాని దానిలో భయం కూడా ఉంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆమె ఒంటి మీద పడిన చేతులు గాని చూపులు గాని మంచివి కావు. ఒకే స్పర్శ రెండు శరీరాల్లో రెండు విధాలుగా ఎందుకు దిగుతుందో చెప్పడానికి ఈ రెండు గొంతుల పద్ధతికి మించినది నాకు తోచడం లేదు.

ఇంటి సంగతికి వద్దాం. నా లెక్కలో నవల అసలు బరువు అక్కడే ఉంది. ఎలనార్ తల్లి రెండో పెళ్ళి చేసుకున్న రిచీ అనే మనిషి తాగుబోతు, కోపిష్ఠి. ఒకప్పుడు ఎలనార్‌ను ఇంటి నుంచి గెంటేస్తే, ఆ పిల్ల సుమారు ఏడాది పాటు తెలిసినవాళ్ళ ఇంట్లో వేలాడి, మళ్ళీ ఇప్పుడు తిరిగి వచ్చింది. ఐదుగురు పిల్లలూ ఒకే గదిలో పడుకుంటారు. ఇంట్లో ఫోను లేదు. పళ్ళు తోముకునే బ్రష్ కూడా ఆ పిల్లకు లేదు. స్నానాలగది వంటగదిని ఆనుకుని ఉంటుంది, దానికి తలుపు లేదు. తల్లి కట్టిన గుడ్డ ఒక్కటే అడ్డం. అందుకని ఎలనార్ బడి నుంచి రాగానే, రిచీ ఇంటికి చేరకముందే, గబగబా స్నానం ముగించుకుంటుంది. తల్లి వంటలో వాడే వెనిలాను కాస్త చెవుల వెనక అద్దుతుంది, అత్తరు కొనే స్తోమతు లేక. బస్సులో పార్క్‌కు ఆ వెనిలా వాసన తగులుతుంది. అదెంత హాయిగా ఉందోనని అతను మురిసిపోతుంటే, ఆ వాసన వెనక ఉన్న గుడ్డ తెరనూ ఆ తొందరనూ చూసి వచ్చిన పాఠకులకు మురిపెం గొంతులో అడ్డుపడుతుంది.

పేదరికాన్ని రాసేటప్పుడు రచయితలు ఆకలి దగ్గరికే ఎక్కువగా వెళతారు. ఏకాంతం లేకపోవడం కూడా పేదరికమేనని, పదహారేళ్ళ ఆడపిల్లకు అది ఆకలి కంటే తక్కువ బాధేమీ కాదని ఈ నవల గుర్తు చేస్తుంది. ఎలనార్ ఆస్తి అంతా పండ్లు నింపి వచ్చిన ఒక అట్టపెట్టెలో పడుతుంది. పార్క్ ఇచ్చిన ఏ వస్తువైనా ఆ పెట్టెలోనే దాగాలి, ఆ పెట్టె రిచీ కంట పడకుండా ఉండాలి. అలాంటి అమ్మాయికి ప్రేమించిన అబ్బాయి మీద ప్రేమ ఒక ఎత్తు, అతను తన ఇంటి దాకా వస్తాడేమో అన్న భయం మరో ఎత్తు. ఆమె అస్తమానం పుల్లవిరుపుగా మాట్లాడడం, ప్రశ్న అడిగితే ఎదురుప్రశ్న వేయడం కొందరు పాఠకులకు విసుగు పుట్టించిందని విన్నాను. జవాబు చెబితే ఇల్లు బయటపడుతుంది కదా, వెటకారం ఒక్కటే ఆమెకు మిగిలిన తలుపు.

దీనికి ఎదురుగా పార్క్ ఇల్లు. అక్కడ తల్లిదండ్రులు ఇన్నేళ్ళ తరువాత కూడా ఒకరినొకరు ముద్దు పెట్టుకుంటారు. వేళకు భోజనం ఉంటుంది. తల్లి మిండీ గ్యారేజీలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. కష్టాలు లేవని కాదు. కొడుకు తన లాగా మగతనం ఉట్టిపడేలా లేడని తండ్రికి బెంగ. గేర్లున్న బండి నడపడం వస్తే గాని కారు ఇవ్వనంటాడు. కొడుకు కళ్ళకు కాటుక లాంటిది పెట్టుకున్న నాడు ఇల్లు పీకి పందిరి వేస్తాడు. అవన్నీ భోజనాల బల్ల దగ్గర తేలిపోగల తగవులు. ఎలనార్ ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు ఎంత బిగుసుకుపోతుందో చదివితే, మంచి ఇల్లు కూడా అలవాటు లేనివారిని భయపెడుతుందని అర్థమవుతుంది.

మిండీకి మొదట్లో ఎలనార్ నచ్చదు. ఆ వాలకం, ఆ బట్టలు, ముఖం ఎత్తి చూడని తీరు ఏదీ నచ్చదు. తరువాత ఒకరోజు సరుకుల దుకాణంలో ఎలనార్‌ను తల్లితోనూ చిన్న పిల్లలతోనూ కలిపి చూస్తుంది. చూసి వచ్చి కొడుకుతో మాట్లాడుతుంది. తాను కొరియాలో ఎక్కువమంది పిల్లలున్న ఇంట్లో పుట్టింది, అంతమంది ఉన్నచోట ఏదైనా అందరికీ పలచబడిపోతుందని ఆమెకు తెలుసు. అన్నమూ పలచబడుతుంది, అమ్మ ప్రేమా పలచబడుతుంది. ఆ రోజు నుంచి ఎలనార్‌కు ఆ ఇంట్లో కంచం ఉంటుంది. ప్రేమికులిద్దరూ కలిసి లేని ఈ సన్నివేశమే నవల మొత్తంలో నన్ను కదిలించిన చోటు. ఒక వలస స్త్రీ, తన పాత ఇంటి లెక్కతో, మరో పిల్ల దరిద్రాన్ని ఒక్క చూపులో పోల్చుకోవడం కొడుకు ప్రేమ చేయలేని పనిని చేసింది. పార్క్‌కు ఎలనార్ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆమె ఇంటి సంగతి ఊహకు అందలేదు, మిండీకి ఆమె మీద ఇష్టం లేకపోయినా అందింది.

అయితే ఇదే మిండీ దగ్గరే నవలకు పెద్ద లోపం కూడా ఉంది. అమెరికాలోని కొరియన్ మూలాల పాఠకులు చాలామంది ఈ పుస్తకాన్ని గట్టిగా తప్పుపట్టారు, నాకు వారి వాదన న్యాయంగానే తోచింది. కొరియన్లలో పార్క్ అనేది ఇంటిపేరు. మన కుర్రాడొకడికి ‘నండూరి’ అనో ‘వేమూరి’ అనో పేరు పెట్టి కథ నడిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది వారి చెవికి. మిండీ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడే చిన్న బొమ్మ లాంటి మనిషిగా చాలాచోట్ల మిగిలిపోతుంది. సరుకుల దుకాణం సన్నివేశం లేకపోతే ఆమెకు గతమే లేదు. పార్క్ తన ముఖాన్ని తాను అసహ్యించుకోవడం వాస్తవమే కావచ్చు, అలాంటి పిల్లలు ఉంటారు. కానీ ఆ అసహ్యానికి జవాబుగా ఒక తెల్ల అమ్మాయి మెచ్చుకోలు తప్ప మరొకటి నవలలో దొరకదు. తల్లి దేశం గురించి, భాష గురించి, అక్కడి చుట్టాల గురించి అతనికి కుతూహలమే లేదు. ఎలనార్‌కు వ్యాయామం క్లాసులో తోడు నిలిచే నల్లజాతి అమ్మాయిలు డినీస్, బీబీలకు నవ్వించడం, ధైర్యం చెప్పడం తప్ప సొంత కథ లేదు. ఎలనార్ ఇంటి వంటగదిని అంగుళం అంగుళం చూసిన రచయిత్రి, మిండీ మనసు గదిలోకి ఒక్కసారే తొంగిచూసి వచ్చేశారు. ఈ లోపాన్ని నేను ఓ చిన్న మచ్చగా కొట్టిపారేయలేను.

పుస్తకం మీద వచ్చిన మరో తగాదా మాత్రం నాకు విడ్డూరంగా అనిపిస్తుంది. 2013లో మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా-హెన్నెపిన్ పాఠశాలల పరిధిలో కొందరు తల్లిదండ్రులు ఇందులో బూతులున్నాయని అభ్యంతరం చెప్పారు. రచయిత్రి అక్కడికి వచ్చి పిల్లలతో మాట్లాడవలసిన కార్యక్రమం రద్దయింది. పరిశీలనకు వేసిన సంఘం చివరికి పుస్తకాన్ని బడి గ్రంథాలయంలో ఉంచవచ్చునని తేల్చింది. బూతులున్న మాట నిజమే. మొదటి పేజీల నుంచే ఉన్నాయి. కానీ కథలో అవి ఎవరి నోట ఉన్నాయో చూడాలి కదా. ఎక్కువగా బస్సు వెనక వరసల వాళ్ళ నోట, రిచీ నోట. ఎలనార్ పాఠ్యపుస్తకాల అట్టల మీద ఎవరో అసహ్యమైన మాటలు రాస్తుంటారు. బడిలో ఎవరో, బహుశా టీనాయో రాస్తోందని ఆ పిల్ల అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. చివరికి అది తన ఇంట్లోనే తిరుగుతున్న రిచీ చేతిరాత అని గుర్తుపట్టిన క్షణంలో నవల ఒక్కసారిగా రంగు మారుతుంది. బయట ఎక్కడో ఉందనుకున్న ప్రమాదం, రోజూ తలుపు లేని స్నానాలగది ముందు నుంచి నడిచి వెళుతున్నదే. ఆ బూతులను తీసేస్తే ఆ పిల్ల ఎందుకు పారిపోయిందో అర్థమే కాదు. ఆమె పారిపోయి తలదాచుకున్నది కూడా మిన్నెసోటాలోనే కావడం ఆ అభ్యంతరం చెప్పినవారు గమనించారో లేదో.

ఎలనార్ ఆ రాత్రే ఇల్లు విడిచి పోతుంది. ఇన్నాళ్ళూ ఏడిపించిన టీనా, స్టీవ్‌లే ఆమెను కాసేపు దాచడం కథలో ఓ మంచి మలుపు. వాళ్ళకూ రిచీ లాంటివాళ్ళు తెలుసు మరి. పార్క్ ఆమెను సెయింట్ పాల్ నగరంలోని ఆమె మామయ్య ఇంటికి చేర్చాలని బయలుదేరబోతుంటే తండ్రి పట్టుకుంటాడు. సంగతి విని, ఆపకుండా, తన ట్రక్కు తాళాలు ఇస్తాడు. గేర్ల బండి నడపడం అన్నాళ్ళు నేర్పింది ఇందుకే అన్నట్టు ఉంటుంది. ఒమాహా నుంచి సెయింట్ పాల్‌కు సుమారు 600 కిలోమీటర్లు. పదహారేళ్ళ కుర్రాడు రాత్రంతా బండి నడిపి తీసుకువెళ్ళి, తాను ప్రేమించిన అమ్మాయిని తన నుంచే దూరంగా దింపి వస్తాడు. వెనక ఇంట్లో తమ్ముళ్ళూ చెల్లెలూ ఉండిపోయారన్న దిగులు ఎలనార్‌కు దారి పొడుగునా ఉంటుంది. బడిలో వీళ్ళకు ‘రోమియో అండ్ జూలియెట్’ పాఠం ఉంటుందన్నది కూడా ఇక్కడ చెప్పాలి. ఒకరినొకరు ఎరగకుండానే చచ్చిపోయేంత ప్రేమేమిటని ఎలనార్ క్లాసులోనే ఎగతాళి చేస్తుంది. ఆమె తన ప్రేమను అలా ముగియనివ్వదు. బతికి బయటపడడమే ముందు అనుకుంటుంది.

అక్కడి నుంచి పార్క్ ఉత్తరాలు రాస్తాడు, టేపులు పంపుతాడు. ఎలనార్ జవాబు రాయదు. నెలల తరువాత ఒక పోస్టుకార్డు వస్తుంది. దాని మీద మూడే మాటలున్నాయని చెప్పి, అవేమిటో చెప్పకుండా రచయిత్రి నవల ముగిస్తారు.

ఈ పుస్తకం నాకు ఇచ్చింది అమెరికాలో పుట్టి పెరిగిన మా అక్క కూతురు. పన్నెండో తరగతిలో దాన్ని చదివి ఏడ్చిందట. సెలవులకు వచ్చినప్పుడు తన ప్రతిని నా చేతిలో పెట్టి, చదివేదాకా వదలలేదు. తరువాత మా ఇద్దరికీ పెద్ద వాదనే అయింది. “పిన్నీ, అంత చేసినవాడికి ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి ఆ అమ్మాయికేం వచ్చింది చెప్పు? స్టాంపుకు డబ్బుల్లేవా?” అని అది. పార్క్ ప్రతి రోజూ పోస్టు డబ్బా చూసుకునే పేజీలు దాన్ని బాగా కలచివేశాయి. చుట్టూ ఎవరి ముఖంలోనూ కలవని అతని ముఖం, బస్సులో పడ్డ మాటలు కూడా దానికి నాకంటే బాగా తెలుసు. తన పేరును ప్రతి ఏడూ కొత్త టీచరు ముందు విడమరిచి పలికి చూపించిన పిల్ల అది. కాబట్టి దాని కోపం పుస్తకం మీది కోపం మాత్రమే కాదని నాకు తెలుసు.

నా వాదన వేరు. ఎలనార్ మొదటిసారిగా తలుపున్న గదిలో పడుకుంటోంది. బ్రష్ ఉంది, భోజనం ఉంది, రాత్రి ఎవరి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడనక్కరలేదు. అటువంటి స్థితిలో మనిషి ముందు నిద్రపోతాడు. ఉత్తరం తెరిస్తే ఒమాహా అంతా, ఆ ఇల్లంతా, వదిలేసి వచ్చిన చిన్న పిల్లలంతా దానితోపాటు గదిలోకి వస్తారు. ప్రేమకు జవాబు రాయలేని రోజులు ప్రేమ లేని రోజులు కావు. పార్క్ ప్రేమ నిండుకుండలోంచి తీసి పోసింది, ఎలనార్‌కు అడుగున ఉన్నది ఊరాలి. రోవెల్ ఆ నెలలను మనకు ఎలనార్ వైపు నుంచి ఎక్కువగా చూపకుండా, పార్క్ ఎదురుచూపు వైపు నుంచి చూపడం సరైన నిర్ణయమే. కాకపోతే దాని వల్ల చాలామంది పాఠకులు మా పిల్ల లాగే అతని పక్షం చేరిపోయారు. పోస్టుకార్డు మీద ఉన్న మాటలేమిటో అందరూ ఇట్టే ఊహించేస్తారు. నాకైతే అవి ప్రేమ మాటలే అయి ఉండాలన్న పట్టుదల లేదు. ‘నేను బాగానే ఉన్నాను’ అన్నా మూడు మాటలే అవుతాయి, పార్క్‌కు అదీ పెద్ద వార్తే.

ఆ మాట అంటే మా అక్క కూతురు ఇంతెత్తున లేచింది. అది సినిమా వస్తే ఏం చూపిస్తారో చూద్దామంటుంది. 2014లో డ్రీమ్‌వర్క్స్ సంస్థ హక్కులు కొన్నది, 2019లో అవి మరో సంస్థ చేతికి వెళ్ళాయి, సినిమా మాత్రం ఇంకా రాలేదు. వచ్చిన నాడు ఎలనార్‌గా సన్నపాటి పిల్లను పెట్టి జుట్టుకు ఎర్రరంగు వేస్తే చూసేది లేదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. పోస్టుకార్డు సంగతిలో అది పార్క్ పక్షం, నేను ఎలనార్ పక్షం.